నాయనమ్మ ఎడ్లు తిరిగిన చోటు

పోయిన నెల మద్రాసు వెళ్ళాను. ఇప్పుడు దాన్ని చెన్నై అనాలట, ఈ వయసులో నా నోరు తిరగదు, వదిలెయ్యండి. మా చెల్లెలి మనవరాలు అక్కడ కొత్తగా ఫ్లాటు తీసుకుని, పాలు పొంగించడానికి పెద్దదిక్కుగా నేనే రావాలని పట్టుపట్టింది. స్టేషనుకి కారు పంపింది. డ్రైవరు నెల్లూరు అబ్బాయి, శీనయ్య. దారి పొడుగునా ఆ ఊరి ట్రాఫిక్కుని తిట్టుకుంటూ వచ్చినవాడు కాలనీలోకి మలుపు తిరగ్గానే స్థిమితపడ్డాడు. "ఈ కాలనీ ఒక్కటే బాగుంటదమ్మా. ఏ వీధిలోకి పోయినా చివర్న బండి తిప్పుకోను ఇంత చోటు వదిలిపెట్టారు. ఎవరో గట్టి ఇంజనీరే ఏసుంటాడు ఈ ప్లాను. తెల్లదొరల నాటిదేమో!" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. "దొరా కాదు, ఇంజనీరూ కాదు నాయనా, మా నాయనమ్మ ఎడ్లు," అన్నాను. అద్దంలోంచి నన్నొకసారి చూసి, పెద్దావిడకి ప్రయాణం బడలిక ఎక్కువైందనుకున్నాడు కాబోలు, ఏసీ పెంచాడు.

నేను దిగిన వీధి మొదట్లో ఒక నటుడి పేరుతో బోర్డుంది. పక్క వీధికి ఒక సంగీత దర్శకుడి పేరు, ఆ పక్క వీధికి ఒక స్టూడియో యజమాని పేరు. ఆ కాలనీలో ఎవరు ఏ ఇంట్లో కాపురమున్నారో, ఎవరింట్లో ఏ జాతి కుక్క ఉండేదో కూడా సినిమా చరిత్రలు రాసేవాళ్ళు రాసేశారు. ఆ ఇళ్ళ కింద నేలని వీధులుగా విడగొట్టిన మా కోటయ్య బాబాయి గురించి మాత్రం ఎవ్వరూ ఒక్క ముక్క రాయలేదు. నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరూ రాయకపోతే నేనే రాస్తాను, నాకేం భయం? కళ్ళారా చూసినదాన్ని. పైగా ఆ కాలనీలో మొట్టమొదటి వీధిని గీసింది నన్ను చూసే.

మాది పర్చూరు పక్కన పల్లె. నల్లరేగడి నేల. వాన కురిస్తే చెప్పులు ఆ బురదకే వదిలేసి ఇంటికి రావాలి, ఎండ కాస్తే పిల్లల కాలు దూరేంత నెర్రెలు. మా నాయనమ్మ మహాలక్ష్మమ్మకి పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చిన చేను ఊరికి తూర్పున ఉండేది. ఆ చేనంటే ఆవిడకి ప్రాణం. మా నాన్నతో సహా ఇంట్లో అందరం ఆవిడ చేతికింద పనివాళ్ళమే. ఎండుమిరప రోజుల్లో మా ఇంట్లోకి వచ్చిన చుట్టం ముందు తుమ్మి ఆ తర్వాతే పలకరించేవాడు. పెరట్లో, కళ్ళంలో, దొడ్డి గోడ మీద, ఎక్కడ చూసినా ఎరుపే. కాయ ఎండిందో లేదో తెలుసుకోవడానికి నాయనమ్మ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపేది. లోపల గింజలు గలగలమంటే బస్తాకి, లేకపోతే మళ్ళీ ఎండకి. మా చేతులు మంటలెత్తితే మజ్జిగ పోసి కడిగేది, ఏడిస్తే మాత్రం ఊరుకునేది కాదు. తెల్లారకముందే ఆవిడ కాచే ఉలవల దాణా వాసన, దానిమీద కమ్ముకునే మిరప ఘాటు, ఈ రెండూ కలిసి వస్తే నాకిప్పటికీ బడికి ఆలస్యమైపోతోందనిపిస్తుంది.

చేలో నాగలి కట్టి తొలి చాలు తోలే రోజున నాకొక ఉద్యోగముండేది. నన్ను చేను అవతలి గట్టుమీద నిలబెట్టేవాళ్ళు. మా పాలేరు మస్తాను మామ ఇవతలి గట్టునుంచి నాగలి పట్టి, నా ఎర్ర పరికిణీ మీదే చూపు నిలిపి, ఎడ్లని సూటిగా నా మీదికే తోలేవాడు. "కదిలావంటే చాలు వంకరపోద్ది, నీ వీపు మోగిపోద్ది," అని నాయనమ్మ ముందే చెప్పి ఉంచేది. చీమ కుట్టినా, ముక్కు దురదపెట్టినా కదలకూడదు. అందరిళ్ళలోనూ అందుకు ఒక గడకర్ర పాతుకునేవాళ్ళు. మా నాయనమ్మకి మాత్రం కర్ర మీద నమ్మకం లేదు, మనిషే కావాలి. ఆ పని నాకు దక్కినందుకు మా అన్నయ్యలు కుళ్ళుకునేవాళ్ళు, నేను ఏడాది పొడుగునా గొప్పలు చెప్పుకునేదాన్ని.

కోటయ్య బాబాయి మా నాన్నకి తమ్ముడు. మిరప బస్తాలు అమ్ముకొస్తానని మద్రాసు వెళ్ళి, బస్తాలు అమ్మి, తను అక్కడే ఉండిపోయాడు. రాష్ట్రం విడిపోయి మద్రాసు మనది కాకుండా పోయినా, మన సినిమాలు మాత్రం అక్కడే తయారవుతున్న రోజులవి. బాబాయికి వేషాల పిచ్చి లేదు, ఆయన పిచ్చి వేరు. ఇంటికొచ్చినప్పుడల్లా, మేం తారల గురించి అడుగుతుంటే ఆయన లైట్లు మోసేవాళ్ళ గురించి చెప్పేవాడు. మేకప్పు వేసేవాళ్ళు, బృందగానం పాడేవాళ్ళు, గుంపులో నాట్యం చేసే ఆడపిల్లలు, వీళ్ళకి ఆ ఊళ్ళో ఎవరూ ఇల్లు అద్దెకివ్వరట. సినిమావాళ్ళనగానే తలుపు వేసేస్తారట. తల్లి వేషాలు వేసే కనకరత్నం గారిని, కంపెనీ వ్యాను తెల్లారకుండా వచ్చి హారను కొడుతోందని, ఇంటివాళ్ళు రెండుచోట్ల ఖాళీ చేయించారట. ఆ సంగతి చెబుతుంటే బాబాయి ముఖం కందగడ్డలా అయ్యేది. అందుకే స్టూడియోలకి దగ్గర్లో ఒక పెద్ద బీడు బేరమాడి, కొంత కట్టి, వీధులు వేసి, స్థలాలుగా అమ్మి మిగతాది చెల్లిస్తానని మాటిచ్చాడు. ఒకవేళ దసరా నాటికి స్థలాలు అమ్ముడుపోకపోతే నాయనమ్మ చేను అమ్మి ఆ మాట నిలబెట్టుకోవాలి. నాయనమ్మే ఒప్పుకుంది. ఒప్పుకున్న రోజున ఒక్కతే చేను చుట్టూ తిరిగొచ్చి, గొడ్లకి కుడితి పెట్టుకుంది.

ఆ ఎండాకాలం సెలవుల్లో బాబాయి వచ్చాడు. మధ్యాహ్నం అందరం అన్నాలకి కూర్చున్నాం. గోంగూర, పచ్చి ఉల్లిపాయ, పైన వెన్నపూస. ఆయన మాత్రం కలుపుతూనే ఉన్నాడు, తినడు.

"ఏందిరా, అన్నం తింటావా, మట్టి పిసుకుతావా?" అంది నాయనమ్మ.

"కొయ్యలు మళ్ళీ పీకేశారమ్మా."

"ఏ కొయ్యలు?"

"స్థలాలకి హద్దులు పాతిచ్చినయ్. సర్వేయరు గారు పాతటం, చుట్టుపక్కలోళ్ళు పీక్కెళ్ళి పొయ్యిలో పెట్టటం. రాళ్ళు పాతిచ్చా. అయ్యి గోడలకి పోయినయ్. కొనేదానికొచ్చినాయన 'నా స్థలం యాడుందయ్యా' అంటే ఏం చెప్పను? అదిగో ఆ మేక నుంచున్న చోటేనండీ అని చూపిచ్చా. మర్నాడు భార్యని తీసుకొచ్చాడు. మేక లేదు."

మా నాన్నకి పొలమారింది. నాయనమ్మ నవ్వలేదు. "మన మిరపచేను చుట్టూ ఆముదం ఎందుకేస్తాంరా?" అంది.

"గొడ్డు లోపలికి రాకుండా."

"మేక తినిద్దా దాన్ని?"

"వాసన చూసి పోద్ది."

"పచ్చి ఆముదం చెట్టు పీకి ఎవరన్నా పొయ్యిలో పెడతారా?"

"పొగకి చస్తారు."

"మరి ఏందిరా నీ ఏడుపు? వీధికి రెండుపక్కలా చాలు తోలి ఆముదాలు చల్లితే సరి. దసరా నాటికి నడుం దాటుద్ది. తినవయ్యా ముందు."

బాబాయి ఆవిడ వంక చూసిన చూపు నాకింకా గుర్తే. ఎంగిలి చేత్తోనే లేచి ఎగిరినంత పని చేశాడు. ఇక ఇంట్లో తిరునాళ్ళే. మద్రాసులో ఎడ్లు అద్దెకి దొరుకుతాయని ఆయనంటే నాయనమ్మ ససేమిరా అంది. "ఆ ఎడ్లకి తెలుగు తెలవదు. నా మాట యాడ ఇంటయ్?" అంది. దాంతో మా ఒంగోలు గిత్తలు మల్లిగాడినీ పాలగాడినీ చీరాల స్టేషనులో గూడ్సు పెట్టె ఎక్కించారు. తోడుగా మస్తాను మామ, ఆయనతో నాగలి, ఒక బండెడు చొప్ప. పెట్టె తలుపు వేస్తుంటే మామ లోపల్నుంచి, "పెద్దమ్మ గారూ, దేశంలో సినిమాకి పోయే ఎడ్లు మనయ్యేనండీ!" అని అరిచాడు. మేం ప్యాసింజరులో వెళ్ళాం. నాయనమ్మ ఒళ్ళో ఆముదాల మూట, నా ఒళ్ళో ఊరగాయ జాడీ. గడకర్ర బదులు నన్ను తీసుకెళుతున్నారని తెలిసి ముందురోజంతా నేను ఇంట్లో నడవలేదు, పరిగెత్తాను. మద్రాసు స్టేషనులో దిగగానే ఎవరో ఒక తార ఎదురొస్తుందని కళ్ళు పెద్దవి చేసుకు చూశాను. ఒక పోర్టరు ఎదురొచ్చి జాడీ మోస్తానన్నాడు.

మేం వెళ్ళిన రెండోరోజు వాన కురిసింది. మర్నాడు పొద్దున్నే బీడు మీదికి వెళ్ళాం. సర్వేయరు రంగాచారి గారు గొడుగేసుకుని, చంకలో కాగితాల చుట్టతో ముందే వచ్చి ఉన్నారు. చాలా మర్యాదస్తుడు, నాయనమ్మని "అమ్మగారూ" అనే పిలిచేవారు. తాడు పట్టి, మొదటి వీధి ఎక్కడ మొదలో ఎక్కడ చివరో చూపించారు. నన్ను ఆ చివరికి తీసుకెళ్ళి నిలబెట్టారు. ఎర్ర పరికిణీ, రెండు జడలు. వెనక చిన్న గట్టు, దాని వెనక ఎవరిదో మామిడితోట. వీధి మొదట్నుంచి మస్తాను మామ "హో!" అన్నాడు. ఎడ్లు కదిలాయి. మొదట రెండు తెల్లచుక్కలు, తర్వాత కొమ్ములు, తర్వాత గంటల చప్పుడు. సినిమా ఊరు నా మీదికి నడిచి వస్తోంది, నేను కదలకూడదు! ఈ వింత చూడ్డానికి పక్క స్టూడియోలోంచి జనం వచ్చేశారు. కిరీటం చంకలో పెట్టుకుని ఒక మహారాజు బీడీ తాగుతున్నాడు. నాకు పక్కకి తిరిగి చూడాలని ఎంతుందో చెప్పలేను. మెడ తిప్పలేదు. ఎడ్లు నాకు కొంత దూరంలో ఉండగానే మామ నాగలి ఎత్తి, వాటిని మళ్ళించి వెనక్కి తోలాడు. నాయనమ్మ చాలు వెంట ఆముదాలు వేసుకుంటూ వచ్చి, నా చెంప మీద మట్టిచేత్తో తట్టింది. కిరీటం ఆయన చప్పట్లు కొట్టాడు.

సాయంత్రానికి అన్ని వీధులూ అయిపోయాయి. అప్పుడు రంగాచారి గారు కాగితం ఒకసారి, నేల ఒకసారి చూసి, గొడుగు మూశారు. "కోటయ్య గారూ, ప్లానులో వీధి చివరంటా ఇళ్ళున్నాయి కదా! ఇక్కడ ప్రతి వీధికీ ఈ చివర, ఆ చివర చాలు ముందే ఆగిపోయిందేమిటండీ?" అన్నారు.

మస్తాను మామ ఎడ్ల వీపు తట్టాడు. "ఎడ్లు తిరగాల గదండీ," అన్నాడు. అన్నాక తనకే తెలిసింది. చేలో అయితే ఎడ్లు తిరగడానికి చివర కొంత నేల వదలడం పుట్టినప్పటినుంచీ అలవాటు, తర్వాత దాన్ని అడ్డంగా దున్నుకుంటారు. ఇక్కడ ఇళ్ళు లేస్తాయన్న సంగతి ఆ తిరుగుడులో ఆయనకి గుర్తే రాలేదు.

"ఇది చేను కాదు మామా!" అన్నాడు బాబాయి, చాలు పక్కన చతికిలబడి. వీధికి రెండు చివరలా ఇళ్ళు పోయినట్టే. అమ్ముకోవడానికి మిగిలిన స్థలాలు చాలతాయో చాలవో. మళ్ళీ తోలదామంటే నేల అప్పటికే బిగుసుకుపోతోంది, చేతిలో గింజలూ అయిపోయాయి.

"తప్పే," అంది నాయనమ్మ. "వాణ్ణొక్కణ్ణే అనబాక. వెనకమాలే నడిచిన దాన్ని, నాకు మాత్రం తట్టిందా? నేల కనపడితే మాకు చేనే గుర్తొచ్చుద్ది." అంతే అంది. తిరుగు రైల్లో మాత్రం కిటికీలోంచి చూస్తూ, ఏ పొలం కనిపించినా అది మా చేను కన్నా మంచిదా కాదా అని తనలో తనే గొణుక్కుంటూ బేరీజు వేసుకుంది. అప్పుడు నాకు భయమేసింది. ఆ చేను పోతే ఈవిడ ఏం చేస్తుంది? పొద్దున్నే లేచి ఎక్కడికి వెళుతుంది?

దసరా సెలవులకి మళ్ళీ వెళ్ళాం. నా జన్మలో అంత అందమైన ఊరు చూడలేదు, అందులో ఒక్క ఇల్లు కూడా లేదు! ఆముదం చెట్లు నా తల దాటి, ఎర్ర కాడలతో, అరచేయంత ఆకులతో వీధి వెంట వీధి నిలబడి ఉన్నాయి. ఒక్క మొక్క ఎవరూ ముట్టుకోలేదు. మేకలు వాటి నీడలో పడుకుంటున్నాయి. కానీ కొన్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. వచ్చినవాళ్ళు చూసి, బాగుందంటూ వెళ్ళిపోతున్నారు. బాబాయి అప్పటికే మా నాన్నకి కబురు పంపాడట, చేనుకి బేరం చూడమని. ఆ మాట వినగానే నాయనమ్మ తల పక్కకి తిప్పుకుంది.

ఆ పూట కనకరత్నం గారు స్థలం చూడ్డానికి వచ్చింది. ఇంకా నచ్చిందో లేదో చెప్పలేదు. ఇంతలో ఒక సినిమా కంపెనీ లైట్ల వ్యాను, బస్సంత ఉంది, మొదటి వీధిలోకి వచ్చేసింది. ఆముదాల మధ్య ఒక పాట తీయొచ్చా అని చూడ్డానికి వాళ్ళ ప్రొడక్షను మేనేజరు వచ్చాడు. డ్రైవరు ఆయన్ని తిడుతూనే ఉన్నాడు. ఆ చుట్టుపక్కల సందుల్లోకి వెళితే వెనక్కి రావాలంటే ముగ్గురు దిగి, అరిచి, గోడలు గీరుకుంటూ మెయిను రోడ్డుదాకా రివర్సులో రావాలి. ఇక్కడా అంతేనని డ్రైవరు ఏడుపు. వీధి చివరికి వచ్చింది వ్యాను. డ్రైవరు బ్రేకు మీద కాలు పెట్టి, తల బైటపెట్టి అటూ ఇటూ చూశాడు. స్టీరింగు తిప్పాడు. మల్లిగాడూ పాలగాడూ ఎక్కడ తిరిగారో సరిగ్గా అక్కడ, ఆగకుండా, ఒక్క ఊపులో అంత వ్యానూ తిరిగిపోయింది! మళ్ళీ మొదటికి వెళ్ళి, నమ్మకం కుదరక, ఇంకోసారి వచ్చి తిప్పాడు. రెండో వీధిలోకి వెళ్ళి అక్కడా తిప్పాడు. దిగి పగలబడి నవ్వుతున్నాడు.

మేనేజరు పరుగున వచ్చాడు. "అన్ని వీధులూ ఇలాగేనా?" అని అడిగాడు. బాబాయి రంగాచారి గారి వంక చూశాడు. రంగాచారి గారు గొడుగు చంకలో సర్దుకుని, "అన్నీ ఇంతేనండీ. మా ప్లానే అది," అన్నారు. అంత మర్యాదస్తుడు ఆడిన ఆ ఒక్క అబద్ధానికి ఆయన చేతులు మేం కళ్ళకద్దుకోవాలి. కనకరత్నం గారు వీధి చివరకంటా నడిచి వెళ్ళింది. అక్కడి ఆఖరి స్థలం దగ్గర నిలబడి, "వ్యాను నా గుమ్మం దాకా వచ్చి, గోల లేకుండా తిరిగిపోతుంది. నన్నింక ఎవరూ ఖాళీ చెయ్యమనరు. నాకిదే కావాలి కోటయ్య గారూ," అంది. ఆవిడ కళ్ళు తుడుచుకుంటుంటే నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆ వ్యాను డ్రైవరు ఊరంతా చెప్పాడు. కంపెనీలవాళ్ళే తమ మనుషులని అక్కడికి పంపడం మొదలుపెట్టారు. మేం ఇంకా అక్కడ ఉండగానే, బాబాయి వద్దన్నా వినకుండా, వీధి చివర స్థలాల కోసం జనం పోట్లాడుకున్నారు.

నాయనమ్మకి ఆ సందడి పట్టలేదు. బాబాయి చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. "అయితే నా చేను నాకుంటదా?"

"ఉంటదమ్మా."

"నిజంగా?"

"నీ మీదొట్టు."

"అయితే బండి కట్టించు. మిరపనారు ముదిరిపోద్ది," అంది.

ఆ చేలో ఆవిడ పోయేదాకా మిరప వేసింది. బాబాయికి పేరు యావ లేదని రాస్తే గొప్పగా ఉంటుంది కానీ, అబద్ధం. ఉండేది. తనది కాదు, తల్లిది. మొదటి వీధి మొదట్లో "మహాలక్ష్మమ్మ వీధి" అని చెక్క మీద తెలుగులో రాయించి నిలబెట్టాడు. తర్వాత్తర్వాత ఎవరో దాన్ని తీసేసి నటుడి పేరు పెట్టారు. ఆ సంగతి తెలిసి ఆయన రెండురోజులు అన్నం తినలేదు. కాలనీలో తనకంటూ ఒక్క స్థలమైనా ఉంచుకోకుండా ఊరికి తిరిగొచ్చి, మిగిలిన రోజులు పత్తి వేసుకుంటూ గడిపాడు. ఇప్పుడు పర్చూరు రోడ్డు వెంట ఎక్కడ చూసినా తెల్లరాళ్ళు పాతిన ప్లాట్లే, పెద్ద పెద్ద ఆర్చీలే. ఆ వీధుల్లోకి కారులో వెళ్ళి చూశాను. అంగుళం వదలకుండా అమ్మేశారు. బండి తిప్పడానికి ఇద్దరు దిగి అరవాల్సి వచ్చింది.

పాలు పొంగించాక, మనవరాలు చుట్టాలతో హడావుడిగా ఉంటే, చేతికర్ర పట్టుకుని వీధి చివరికి నడిచాను. మామిడితోట లేదు, దాని చోట ఆసుపత్రి ఉంది. గట్టు లేదు, ప్రహరీ ఉంది. ఆ గోడకి కాస్త ముందు ఎడ్లు తిరిగిన చోటు అలాగే, ఖాళీగా, వెడల్పుగా ఉంది. గోడకి వీపు ఆనించి, వీధికి ఎదురుగా, కర్ర వదిలేసి నిటారుగా నిలబడ్డాను. అటు చివరిదాకా కనిపించింది. ఎక్కడా పిసరంత వంకర లేదు. ఆ చివర్నుంచి ఒక కారు మలుపు తిరిగి సూటిగా నావైపే వస్తోంది. శీనయ్య. దగ్గరికొచ్చి, తల బైటపెట్టి, "అమ్మా, కొంచెం పక్కకి జరగండమ్మా, బండి తిప్పుకోవాలి!" అని అరిచాడు.

"చోటుంది, తిప్పుకో నాయనా," అన్నాను. "నేను మాత్రం కదలకూడదు. మా నాయనమ్మ చాలు తోలుతోంది."